అరగ్లాసు నీళ్లు, అరగంట ఉపవాసం: షుగరు మాత్రతో నా నాలుగు నెలలు

సూదంటే నాకు భయమేం లేదు. మా అమ్మకి పదకొండేళ్లు పొద్దునా రాత్రీ ఇన్సులిన్ నేనే వేశాను. బహుశా అందుకే, నా వంతు వచ్చేసరికి సూది వద్దనిపించింది. వారానికోసారి ఇంజక్షనా, రోజూ మాత్రా అని డాక్టరు గారు అడగ్గానే మాత్రే అన్నాను. మందు సెమాగ్లూటైడ్, రెండింట్లోనూ అదే.

మందుల షాపతను మాత్రల షీటు చేతిలో పెట్టి షరతులు చెబుతుంటే మా ఆయన “ఇది మాత్రా, వ్రతమా?” అన్నారు. లేవగానే పరగడుపున వేసుకోవాలి. నీళ్లు అరగ్లాసు, అంటే 120 మిల్లీలీటర్లు మించకూడదు. విరవకూడదు, నమలకూడదు. ఆ తర్వాత అరగంట దాకా కాఫీ, టిఫిను, ఇంకో మాత్ర ఏదీ నోట్లోకి పోకూడదు.

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఐదింటికే డికాక్షన్ వాసనతో లేచే మనిషిని నేను. పైగా నాకు థైరాయిడ్ కూడా ఉంది, ఆ మాత్రా పరగడుపునే కావాలంటుంది. ఇద్దరు కోడళ్లకీ ఒకటే పొయ్యి! మొదటి రెండు వారాలు ఇది ముందేసుకుని, అరగంట ఆగి థైరాయిడ్ వేసుకుని, మళ్లీ అరగంట ఆగి కాఫీ తాగేదాన్ని. రైతుబజారుకి వెళ్లి వంకాయలు బేరమాడి వచ్చినా ఇంకా పది నిమిషాలు మిగిలుండేవి. చివరికి డాక్టరు గారే థైరాయిడ్ మాత్రని రాత్రి పడుకునే ముందుకి మార్చారు. ఇప్పుడు రాత్రి భోజనం ఏడున్నరకే.

ఇంత తతంగం ఎందుకని పరవాడ ఫార్మా సిటీలో మాత్రల తయారీ వైపు పనిచేసే మా మేనల్లుణ్ణి ఓ ఆదివారం భోజనం దగ్గర పట్టుకున్నాను. “అత్తా, ఇన్సులిన్ మింగితే కడుపుకి అదీ ఒకటే, నువ్వు వడ్డించిన ఈ పప్పూ ఒకటే. రెండూ ప్రోటీన్లే, అరిగించి పారేస్తుంది” అన్నాడు. ఇన్సులిన్‌ని 1921లో కెనడాలో కనిపెట్టారు, మరుసటి ఏడాదే మనిషికి ఎక్కించారు. వందేళ్లు దాటినా షాపుకెళ్లి ఇన్సులిన్ మాత్ర ఇవ్వమంటే లేదు. సెమాగ్లూటైడ్ కూడా ఆ జాతిదే, కాకపోతే కాస్త చిన్నది. కడుపులో యాసిడ్‌ని తప్పించుకున్నా లోపలి గోడ దాటడం ఇంకో గండం. మామూలు మాత్రల్లో మందు అణువు బరువు ఎక్కువగా 500 లోపే ఉంటుందట, దీనిది 4,100 పైమాటే.

అందుకని మాత్రలో ఓ తోడుమందు కూరారు, 300 మిల్లీగ్రాములు. దాని పేరు స్నాక్. వినగానే తినేదేమో అనుకున్నాను! మాత్ర కరిగే చోట యాసిడ్ ఘాటు తగ్గించి, మందుని అక్కడికక్కడే కడుపు గోడలోంచి దాటించడం దాని పని. గ్లాసుడు నీళ్లు తాగితే రెండూ చెదిరిపోతాయి. అన్నం ఉంటే అందులో కలిసిపోతాయి. అరగ్లాసు లెక్క అప్పుడు అర్థమైంది. డబ్బు కలిసొస్తుందని 14 మిల్లీగ్రాముల మాత్ర కొని సగం చేసి వేసుకుందామన్న నా ఐడియాకి కూడా వాడు అక్కడే నీళ్లొదిలించాడు.

ఇన్ని చేసినా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతుకి మించదు. నేను రోజుకి 7 చొప్పున వారానికి 49 మిల్లీగ్రాములు మింగుతున్నాను. అదే ఇంజక్షన్ అయితే వారానికి ఒకటో, అరో మిల్లీగ్రాము చాలు. తవ్వెడు బియ్యం నేల మీద ఒంపి నాలుగు గింజలు ఏరుకున్నట్టుంది. ధర సంగతి చెప్పక్కర్లేదు, మా పాల బిల్లు, కరెంటు బిల్లు కలిపినా దానికి సరిపోవు.

ఒక తప్పు నాదే. ఏడు గళ్ల ప్లాస్టిక్ డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు విప్పి పెట్టుకున్నాను. దీనికి తేమ పడదు, వేసుకునే నిమిషం దాకా షీటులోనే ఉంచాలని షాపతను చీవాట్లు పెట్టాడు. మన వైజాగ్ గాలికి ఉప్పే సీసాలో గడ్డ కడుతుంది, మాత్ర ఏపాటి!

మొదటి నెల 3 మిల్లీగ్రాములతోనే కడుపులో తిప్పింది. పక్కింట్లో వంజరం వేపుతుంటే కిటికీలు మూసుకునేదాన్ని, నేను! రెండో నెలకి సర్దుకుంది. సింహాచలం చందనోత్సవానికి వెళ్లిన రోజు మరిచిపోయి కాఫీ తాగేశాను. ఆ రోజుకి మానేసి మర్నాడు మామూలుగా వేసుకోమన్నారు. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.4 నుంచి 7.3కి దిగింది, బరువు నాలుగు కిలోలు తగ్గింది.

మందుకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ధరకి ఒకటి. నాకు పడింది కదా అని ఎవరూ సొంతంగా కొనుక్కోకండి, నాకైతే ముందు బోలెడు టెస్టులు చేశారు. మొన్న డాక్టరు గారు 14కి పెంచుదామా అన్నారు. ఆవకాయ ఇప్పుడే తిరగకలిపానండీ, ఇంకో నెల ఆగుదాం అన్నాను.