ఎయిర్ అడ్వైజర్ ఎక్కడ కూర్చుంటే మేలు? కాక్‌పిట్‌లోనా, క్లాసురూములోనా, హ్యాంగర్‌లోనా?

పాఠం చెప్పడానికి వెళ్లిన మాస్టారి కన్నా ఎదురుగా కూర్చున్నవాడికే సబ్జెక్టు ఎక్కువ వచ్చి ఉంటే ఆ మాస్టారి పరిస్థితి ఏమిటి? 2021లో ముగిసిన అమెరికా అఫ్ఘాన్ యుద్ధం రోజుల్లో కాబూల్ వెళ్లిన అమెరికన్ వైమానిక సలహాదారుల్లో చాలామందికి ఈ అనుభవం ఎదురైంది. అఫ్ఘాన్ వైమానిక దళం ఎక్కువగా ఆధారపడింది ఎంఐ-17 మీద. అది రష్యన్ హెలికాప్టర్. సోవియట్ రోజుల్లో నేర్చుకున్న పాత అఫ్ఘాన్ పైలట్లు కొందరు దాని మీద వేల గంటలు ఎగిరినవాళ్లు. వాళ్లకు సలహా ఇవ్వడానికి దిగిన అమెరికన్, ఆ పని కోసమే ఆ హెలికాప్టర్ నడపడం కొత్తగా నేర్చుకుని వచ్చినవాడు. పక్కన దుబాసీ. నడుముకు పిస్టల్.

ఎయిర్ అడ్వైజర్ అనగానే మనకు పైలట్ గుర్తొస్తాడు. నిజానికి ఆ ఉద్యోగంలో ఎగరడం చిన్న ముక్క. మిత్రదేశపు వైమానిక దళం తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయడం అసలు పని. ఇంధనం లెక్క ఎవరు రాస్తారు, స్పేర్లు గోడౌన్‌లో ఉన్నాయా బజారులో ఉన్నాయా, గాయపడ్డ సైనికుడి కోసం హెలికాప్టర్ పంపమని ఎవరు సంతకం పెట్టాలి, మంత్రిగారి బంధువును ఎక్కించుకోవడానికి ఆ హెలికాప్టర్‌నే ఆపేస్తే ఎవరు కాదనగలరు... ఇలాంటివన్నీ సలహాదారు నెత్తిమీదే. అయితే ఈ పని ఎక్కడుండి చేయాలన్న దానికి చరిత్రలో మూడు జవాబులు కనిపిస్తాయి. వాళ్ల పక్కనే విమానంలో కూర్చుని యుద్ధంలోకి వెళ్లడం ఒకటి. వాళ్లను మన దేశానికి రప్పించి నేర్పించడం ఇంకొకటి. వాళ్ల స్థావరంలోనే మకాం పెట్టి, వాళ్ల హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, గ్రీజు అంటించుకోవడం మూడోది.

నా మొగ్గు మూడోదాని వైపే. కానీ అది సులువైనదేం కాదు, చౌకైనదీ కాదు.

పక్క సీట్లో కూర్చుంటే

1961 నవంబరులో అమెరికా వైమానిక దళం దక్షిణ వియత్నాంలోని బియెన్ హోవాకు ఒక చిన్న దళాన్ని పంపింది. దానికి ఫార్మ్ గేట్ అని పేరు. టీ-28 శిక్షణ విమానాలు, బీ-26 బాంబర్లు, సీ-47 రవాణా విమానాలు తీసుకెళ్లారు. కాగితం మీద అది శిక్షణ. ఏ దాడికి వెళ్లినా విమానంలో ఒక వియత్నామీ సైనికుడు ఉండి తీరాలని షరతు. ఆచరణలో ఏం జరిగిందంటే, ముందు సీట్లో అమెరికన్ విమానం నడిపి బాంబులు వేసేవాడు, వెనక సీట్లో వియత్నామీ ఊరికే కూర్చునేవాడు. చాలాసార్లు ఆ కూర్చున్నతనికి పైలట్ శిక్షణే ఉండేది కాదు. అతని పని షరతు నెరవేర్చడం, అంతే. పేరు శిక్షణది, పెత్తనం అమెరికన్‌ది.

అలాగని ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేం. ప్రాణాపాయంలో పాలు పంచుకున్నవాడి మాటకు ఉండే విలువ, ఏసీ గదిలో కూర్చున్నవాడి మాటకు ఉండదు. రాత్రిపూట నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని కొండల మధ్య ఎగరడం లాంటివి పక్కన మనిషి లేకుండా నేర్పడం దాదాపు అసాధ్యం. ఫలితం కూడా వెంటనే కనిపిస్తుంది. ఈ రోజు కాల్పుల్లో చిక్కుకున్న కాలిదళానికి ఈ రోజే సాయం అందుతుంది. చిక్కంతా అక్కడే. తొందర పడే సలహాదారు కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకుంటాడు. పక్కవాడు "వీళ్లున్నారుగా" అని వెనక్కి వాలతాడు. అలా ఏళ్లు గడుస్తాయి.

సలహాదారు తను సలహాదారుననే సంగతి మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది. శబ్ద వేగాన్ని దాటిన మొదటి పైలట్ చక్ యీగర్ 1971లో పాకిస్థాన్‌లో అమెరికా సైనిక సహాయ బృందానికి అధిపతి. ఆ డిసెంబరు యుద్ధంలో పాకిస్థాన్‌లోని చక్లాలా స్థావరం మీద మన విమానాలు జరిపిన దాడిలో ఆయనకు కేటాయించిన చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానం ధ్వంసమైంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది. పాకిస్థాన్ పైలట్లను ఆయన ఎంతగా పొగిడారో తర్వాత చాలా రోజులు మన పత్రికలు రాస్తూ వచ్చాయి. అతిథిగా వెళ్లినవాడు ఇంటివాడి గొడవను తన గొడవ చేసుకోవడం అంటే అదే.

ఇంటికి పిలిపించి నేర్పితే

ఇది మనకు బాగా తెలిసిన పద్ధతి. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ జరిగినప్పుడు, మన క్యాడెట్ల సరసన వియత్నాం లాంటి మిత్రదేశాల యువకులు కూడా పైలట్ బ్యాడ్జీ (వింగ్స్) అందుకోవడం చూస్తుంటాం. ప్రశాంతంగా ఉంటుంది. సిలబస్ ఉంది, సిమ్యులేటర్ ఉంది, తప్పు చేస్తే మళ్లీ చేయించే టైమ్ ఉంది. కాల్పులు లేవు. తిరిగి వెళ్లాక వాళ్ల కోసం అక్కడ నడుస్తున్న వైమానిక దళం ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకే అది పని చేస్తుంది.

అఫ్ఘాన్లకూ ఇలాగే చేశారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న మూడీ స్థావరంలో 2015 నుంచి ఏ-29 సూపర్ టుకానో మీద శిక్షణ మొదలైంది. బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయెర్ రూపొందించిన చిన్న టర్బోప్రాప్ దాడి విమానం అది. 2016 జనవరిలో మొదటి నాలుగు విమానాలు కాబూల్ చేరాయి. నిజం చెప్పుకోవాలి: ఆ పైలట్లు బాగా నేర్చుకున్నారు, తమ దేశంలో తామే దాడులకు వెళ్లారు. అఫ్ఘాన్ వైమానిక దళంలో చెప్పుకోదగ్గ విజయాల్లో అదొకటి.

మరి ఇబ్బంది? మనుషులు. 2015 డిసెంబరులోనే మూడీ నుంచి ఇద్దరు అఫ్ఘాన్ శిక్షణార్థులు కనిపించకుండా పోయారు. టెక్సాస్‌లో ఏసీ-208 అనే చిన్న దాడి విమానం మీద జరిగిన శిక్షణలో 40 శాతానికి పైగా విద్యార్థులు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. చివరికి ఆ కోర్సునే అమెరికాలో ఆపేశారు. వాళ్లను తప్పు పట్టాలని నాకు అనిపించదు. పైలట్ అని తెలిస్తే ఊళ్లో ఉన్న కుటుంబానికి బెదిరింపు ఉత్తరాలు వచ్చే దేశం అది. తొలి అఫ్ఘాన్ మహిళా విమాన పైలట్లలో ఒకరైన నీలోఫర్ రహ్మానీ కూడా 2016లో అమెరికాలోనే ఆశ్రయం అడిగారు. మనిషి మీద ఖర్చు పెట్టాక ఆ మనిషే వెనక్కి వెళ్లకపోతే భాగస్వామి దళానికి మిగిలేది ఏమీ లేదు.

పైగా ఇంగ్లీషు. విమానం ఎక్కే ముందు నెలల తరబడి భాష నేర్పాలి. మెకానిక్‌కు అంతకంటే కష్టం, ఎందుకంటే వాడు చదవాల్సింది లావుపాటి మాన్యువల్. ఈ పద్ధతి ఎప్పుడూ పైలట్‌ను దత్తత తీసుకుని మెకానిక్‌ను గాలికి వదిలేస్తుంది. ఫోటోల్లో వచ్చేది పైలటే కదా.

ఇక్కడ మన దేశపు పాత ముచ్చటొకటి. 1959లో ఘనా వైమానిక దళం పుట్టినప్పుడు దానికి తొలి అధిపతి మనవారే, ఎయిర్ కమోడోర్ జస్వంత్ సింగ్. బెంగళూరులో హెచ్ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానాలు 12 అక్కడికి వెళ్లాయి. రెండేళ్లు తిరిగేసరికి పగ్గాలు బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లాయనుకోండి, అది వేరే కథ. ఏమైనా శిక్షకులనూ శిక్షణ విమానాలనూ వాళ్ల నేలకే పంపడం అప్పటి మనవాళ్లకు వింతగా అనిపించలేదు.

షెడ్డులో మకాం పెడితే

ఇందులో ప్రమాదం గురించి ముందే చెప్పాలి. 2011 ఏప్రిల్ 27న కాబూల్ విమానాశ్రయంలోని వైమానిక దళ ఆవరణలో ఒక అఫ్ఘాన్ అధికారి కాల్పులు జరిపాడు. ఎనిమిది మంది అమెరికన్ వైమానిక సిబ్బంది, ఒక కాంట్రాక్టర్ చనిపోయారు. వాళ్లు సలహాదారులు. తాము ఎవరితో పని చేయడానికి వచ్చారో ఆ దళం మనిషే వాళ్లను చంపాడు. ఆ తర్వాత మీటింగులకు సలహాదారుతో పాటు తుపాకీ పట్టుకున్న కాపలా సైనికుడు కూడా రావడం మామూలైపోయింది. వాళ్లకు గార్డియన్ ఏంజెల్స్ అని పేరు పెట్టారు. టీ తాగుతూ స్పేర్ల లెక్క అడుగుతున్నప్పుడు గుమ్మం దగ్గర ఒకడు తుపాకీతో మిమ్మల్నే చూస్తుంటే, మీతో మనసు విప్పి మాట్లాడేది ఎవరు?

ఇంకో లోపం, పోస్టింగ్ చిన్నది. చాలామందికి ఏడాది. తొలి మూడు నెలలు పేర్లు గుర్తుపెట్టుకోవడానికి, చివరి రెండు నెలలు సామాను సర్దుకోవడానికి పోతాయి. అవతలి కర్నల్ మాత్రం అక్కడే ఉంటాడు. పదో సలహాదారుకు కూడా అదే టీ ఇచ్చి, మొదటివాడికి చెప్పిన సమాధానమే చెబుతాడు.

ఇన్ని తెలిసీ దీన్నే ఎందుకు మేలంటున్నానంటే, ఒక వైమానిక దళం బతుకు హ్యాంగర్‌లో తేలుతుంది. దీనికి ఎంఐ-17తో అమెరికన్ హెలికాప్టర్ బ్లాక్‌హాక్ పోలికను మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను రష్యా కలిపేసుకున్నాక రష్యా నుంచి హెలికాప్టర్లు కొనడం అమెరికాకు రాజకీయంగా కుదరని పని అయింది. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో అంతకు ముందు నుంచే గొడవ నడుస్తోంది. దాంతో ఎంఐ-17ల స్థానంలో పాత బ్లాక్‌హాక్‌లను బాగుచేసి ఇద్దామన్నారు. మొత్తం 159 ఇవ్వాలని పథకం. మొదటివి 2017లో కాందహార్ చేరాయి. వాదన అర్థం లేనిది కాదు. స్పేర్లు అమెరికావే. సలహాదారులకు అది పుట్టింటి హెలికాప్టర్. నేర్పేవాడికి నిజంగా వచ్చిన సబ్జెక్టు. మొదట చెప్పిన మాస్టారి ఇబ్బంది దీంతో తీరిపోతుంది.

కానీ అఫ్ఘానిస్థాన్ ఎత్తైన దేశం. కాబూల్ విమానాశ్రయమే సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది, ఎండకు ఇంకా పలచబడుతుంది, పైన తిరిగే రెక్కలకు (రోటర్‌కు) పట్టు తగ్గుతుంది. ఎంఐ-17 రెండు డజన్ల మందికి పైగా మోస్తుంది, బ్లాక్‌హాక్‌లో మామూలుగా పదకొండు మంది సైనికులు పడతారు. ఒక ఎంఐ-17 చేసే పనికి దాదాపు రెండు బ్లాక్‌హాక్‌లు కావాలని, కొన్ని ఎత్తైన చోట్లకు అవి అసలు వెళ్లలేవని అమెరికా తనిఖీ అధికారులే 2018లో రాశారు. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది, నా దృష్టిలో అసలుది అదే. ఎంఐ-17 మరమ్మతు పనుల్లో దాదాపు 80 శాతం అఫ్ఘాన్లే సొంతంగా చేసుకుంటున్నారు. బ్లాక్‌హాక్ విషయంలో దాదాపు అంతా ప్రైవేటు కాంట్రాక్టర్లే.

సలహాదారుకు సులువైన యంత్రం వచ్చింది, దళానికి కష్టమైన యంత్రం వచ్చింది. మాస్టారికి ఇష్టమైన సబ్జెక్టు కోసం పిల్లాడి చేత గ్రూపు మార్పించడం లాంటిదే ఇది.

ఇంతకు ముందు అఫ్ఘాన్లకు ఇచ్చిన జీ222 రవాణా విమానాల కథా ఇంతే. 20 విమానాలు, దాదాపు 55 కోట్ల డాలర్ల ఖర్చు. స్పేర్లు లేక, ఎగిరిన గంటల కన్నా నిలబడ్డ రోజులే ఎక్కువై, 2014లో కాబూల్‌లో ఉన్న 16 విమానాలను తుక్కు కింద అమ్మేశారు. వచ్చింది 32 వేల డాలర్లు. ఆర్డరు పెట్టడానికి ముందు కాబూల్ షెడ్డులో ఆరు నెలలు కూర్చున్న మెకానిక్ ఎవరినైనా అడిగి ఉంటే ఆ డబ్బులో కొంతైనా మిగిలేది. నా అనుమానం, ఎవరూ అడగలేదు.

కాబట్టి నన్నడిగితే లెక్క ఇలా వేస్తాను. రాత్రి ఎగరడం, ఆయుధం వేయడం లాంటి నైపుణ్యాలకు పక్క సీటు, అదీ కొద్ది నెలలే. కొత్త పైలట్ల మొదటి పాఠాలకు క్లాసురూము, అదీ వెనక్కి వెళ్లడానికి ఇల్లు భద్రంగా ఉన్న దేశాలకే. మిగతా డబ్బు, మిగతా మనుషులు షెడ్డుకే. అక్కడికి పంపేవాడు పైలట్ కానక్కర్లేదు. ఇరవై ఏళ్లు రెంచీ తిప్పిన సీనియర్ సార్జెంట్ అయితే ఇంకా మంచిది. కనీసం రెండేళ్లు ఉండాలి, కాస్తో కూస్తో అక్కడి భాష, కాబూల్‌లో అయితే దరీ, మాట్లాడాలి, యంత్రం వాళ్లకు తెలిసినదై ఉండాలి. ఈ చివరి షరతు ఒక్కటీ తప్పితే మిగతావి ఎన్ని ఉన్నా లాభం లేదు.

2021 వేసవిలో అమెరికా సేనలతో పాటే కాంట్రాక్టర్లు వెళ్లిపోయారు. కాబూల్‌లో మిగిలిన మెకానిక్‌లు ఫోనుల్లో, జూమ్ కాల్స్‌లో ఇంజన్ చూపిస్తూ, వేరే దేశంలో కూర్చున్నవాళ్లు చెబుతుంటే బోల్టులు విప్పారు. ఆగస్టులో దేశం తాలిబాన్ల చేతికి వెళ్లిపోతుంటే పైలట్లు మొత్తం 46 విమానాలు, హెలికాప్టర్లతో సరిహద్దు దాటి ఉజ్బెకిస్థాన్‌లో దిగారు. అఫ్ఘాన్ల కోసం ఉద్దేశించి ఇంకా అమెరికా చేతిలోనే మిగిలిపోయిన ఎంఐ-17లు కొన్నింటిని మరుసటి ఏడాది ఉక్రెయిన్‌కు ఇచ్చేశారు. అక్కడి సిబ్బందికి ఆ హెలికాప్టర్ ఎప్పటి నుంచో తెలుసు. ఎలా నడపాలో నేర్పడానికి ఏ అడ్వైజర్‌నూ వెంట పంపాల్సి రాలేదు.