నెల్లూరులో షేర్ల లెక్కల ఫైల్ చేయించుకునేవాళ్ళు ముందు రిలయన్స్ లైను చూసుకోండి

ట్రంకు రోడ్డులో పాత షేర్ల లెక్కలన్నీ గ్నూక్యాష్‌లో (కంప్యూటర్లో ఖాతాలు రాసుకునే ప్రోగ్రాం) ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చే షాపు. పేరు రాయను, మన నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు. ఒంగోల్లో కూడా తెరుస్తున్నారంట, అందుకే ఈ పోస్టు. డబ్బులు మొత్తం ముందే కట్టించుకుంటారు. ఫైల్ తెరిస్తే గ్రాఫులు బ్రహ్మాండం, లెక్క మాత్రం తప్పు.

రిలయన్స్ లైను ఒక్కటి చాలు. 2021లో కొన్న 100 షేర్లు, 2,000 చొప్పున 2 లక్షలు. 2023 జులై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయింది, రిలయన్స్ షేరుకి ఒక జియో షేరు వచ్చింది. కొత్త షేర్లు ఊరికే రాలేదబ్బా, పాత ఖరీదులోంచి 4.68 శాతం కోసుకొని వచ్చాయి. ఆ శాతం కంపెనీయే చెప్పింది. అంటే జియోకి 9,360 పోయి, రిలయన్స్‌లో 1,90,640 మిగలాల. కొన్న తేదీ రెండిటికీ 2021దే. వీళ్ళేమో ఆరోజు ఎక్స్ఛేంజీలో తేలిన 261.85 పట్టుకొని, జియోని కొత్తగా 26,185కి కొన్నట్టు రాసి, ఎదురుగా డివిడెండ్ అని వేశారు. రాని డివిడెండ్! రిలయన్స్ కింద 2 లక్షలు కదల్లేదు.

2024 అక్టోబర్ బోనస్ ఇంకా ఘోరం. ఒకటికి ఒకటి ఇచ్చారు కదా, దాన్ని స్ప్లిట్ కింద కొట్టేసి 200 షేర్లు, ఒక్కోటి 1,000 అన్నారు. స్ప్లిట్ అంటే ఉన్న షేరునే ముక్కలు చేయడం, అప్పుడైతే ఖరీదు పంచాల, తేదీ పాతదే. బోనస్‌లో పంచేదేం లేదు. పాత 100కి ఒక్కోటి 1,906.40 అట్టే ఉంటుంది, కొత్త 100కి ఖరీదు సున్నా, తేదీ అలాట్ అయిన రోజుది. డీమ్యాట్‌లో (షేర్లుండే ఆన్‌లైన్ ఖాతా) ముందొచ్చినవే ముందు పోతాయి కాబట్టి 100 షేర్లు 1,300కి అమ్మితే పోయేవి 2021వి. నష్టం 60,640. ఈ మహానుభావుల ఫైల్లో 30,000 లాభం! గడువులోపల ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేస్తే, తర్వాతి లాభాల్లో తగ్గించుకోను ఎనిమిదేళ్ళు ముందుకు తీసుకుపోగలిగే నష్టం అది.

ఈ లైను చూడండి సార్ అంటే షాపాయన స్క్రీన్ వైపు కూడా తిరగలా. ఫోన్లో రీల్స్ జరుపుకుంటానే, "షేర్లు రెట్టింపైనాయి, రేటు సగమైంది. బోనస్ అయితే ఏంది, స్ప్లిట్ అయితే ఏంది? ఇంతమందికి చేసిచ్చాం, అడిగినోడివి నువ్వొక్కడివే" అన్నాడు. నువ్వు! డబ్బు కట్టేదాకా "రండి సార్, కూర్చోండి, టీ చెప్పమంటారా". లెక్క అడగంగానే నువ్వు. రీఫండ్ మాటెత్తితే ఫైల్ ఇచ్చేశాం కదా అంట. దిద్దాలంటే ఎంట్రీకి ఇంతని మళ్ళీ కట్టాలంట. తప్పు వాళ్ళది, దిద్దుబాటు కూలి మనది. మొత్తం ముందే చేతిలో పోస్తే ఇంతే మర్యాద.

ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు వాళ్ళకి ఇంకో రూపాయి ఇవ్వొద్దు. గ్నూక్యాష్‌లో వాళ్ళు వేసిన జియో ఎంట్రీ తీసేసి ఒకే లావాదేవీలో రెండు లైన్లు వేయండి. రిలయన్స్ ఖాతాలో షేర్లు 0, అమ్మకం గడిలో 9,360. జియో ఖాతాలో షేర్లు 100, కొనుగోలు గడిలో 9,360. రిలయన్స్ లైన్లో రేటు గడి ఖాళీగానే వదలండి, అక్కడ అంకె పడితే విలువ తిరగలెక్క కట్టమంటావా అని అడుగుతుంది. లావాదేవీ తేదీ 2023 పడుద్ది కాబట్టి అసలు కొన్న తేదీ వివరంలో రాసుకోండి, లేకపోతే అమ్మేరోజు దీర్ఘకాలికమా కాదా అని మళ్ళీ తికమక. బోనస్‌కి ఆ ప్రోగ్రాంలో ఉండే స్ప్లిట్ అసిస్టెంట్ జోలికి పోవద్దు, రిలయన్స్ బోనస్ అని వేరే ఖాతాలో సున్నా ఖరీదుతో ఉంచుకోండి.

ఐటీసీ ఉన్నవాళ్ళు 2025 జనవరి ఎంట్రీ కూడా చూడండి, విడిపోయిన ఐటీసీ హోటల్స్‌కి పాత ఖరీదులోంచి పోవాల్సింది 13.51 శాతం. ఏ కంపెనీవైనా 2018 జనవరి 31కి ముందువి ఉంటే, పన్ను లెక్కలో ఖరీదు తేల్చను కావాల్సిన ఆరోజు గరిష్ఠ రేటు ఎక్కడన్నా రాశారేమో వెతకండి, రిలయన్స్ 2017 బోనస్ షేర్లకి కూడా అది పనికొస్తుంది. కొత్తగా చేయించుకునేవాళ్ళు సగమే కట్టండి, ఈ లైన్లు సరిచూసుకున్నాకే మిగతా సగం.