సుల్తాను ఇచ్చిన జాగాలో ఇంగ్లీషు చర్చి: టాంజియర్‌లో రెండు రోజులు

స్పెయిన్ దాకా వెళ్ళాక, తరీఫాలో ఫెర్రీ ఎక్కితే గంటలో ఆఫ్రికా, మొరాకోలోని టాంజియర్ అంటే ఎవరాగుతారు! మొరాకో వీసా ముందే తీసుకున్నాం. మీ షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి, లేకపోతే తిరిగి స్పెయిన్‌లోకి రానివ్వరు.

బసే దెబ్బకొట్టింది. ఫొటోలు చూసి పాతబస్తీలో ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాం. కారు అక్కడిదాకా రాదు. మెట్ల సందుల్లో సూట్‌కేసులు మోసుకుంటూ పోతే రూము మూడో అంతస్తులో. రాత్రి వేడినీళ్ళు లేవు. అడిగితే "రేపొస్తాయి" అన్నాడు గెస్ట్‌హౌస్ ఆయన. మర్నాడే గ్రాండ్ సోకో చౌక్ దగ్గర మామూలు హోటల్‌కి మారిపోయాం. పెద్దవాళ్ళతో వెళ్తే అటువైపే దిగండి.

సెయింట్ ఆండ్రూస్ చర్చి అక్కడికి నాలుగడుగులే. బయట గోడవారన రిఫ్ కొండల ఆడవాళ్ళు ఎర్రచారల బట్ట నడుముకి చుట్టుకుని, ఊలు కుచ్చుల గడ్డి టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. ముందు పుదీనా కట్టలు, ఆకుల మీద పనీర్ లాంటి తెల్ల చీజ్ బిళ్ళలు. గేటు దాటి గంట గోపురం చూడగానే మా ఆవిడ "ఇది మసీదేమోనండీ" అంది. తప్పులేదు, అచ్చం మినారులాగే ఉంది.

ఈ ఊరికీ బొంబాయికీ ఒక చుట్టరికం ఉంది. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్, పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌ని చేసుకున్నప్పుడు కట్నంలో ఈ రెండూ వచ్చాయి. బొంబాయి తర్వాత కంపెనీ చేతికి పోయింది. టాంజియర్ ఖర్చు మాత్రం భరించలేక, కట్టుకున్న రేవుగోడని తామే పేల్చేసి 1684లో వెళ్ళిపోయారు. రెండువందల ఏళ్ళకి మళ్ళీ ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ పోగయ్యారు, ఈసారి అతిథులుగా. 1880లో సుల్తాన్ మొదటి హసన్ గుడి కట్టుకోమని జాగా ఇచ్చాడు. మొదట కట్టిన చిన్న చర్చి చాలక 1894లో ఇప్పటిది కట్టారు; ప్రతిష్ఠ జరిగింది 1905లో. లోపల బలిపీఠం ముందున్న కమాను చుట్టూ చెక్కిన అక్షరాలు అరబిక్. ఖురాన్ అనుకున్నాను, కాదట, "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన! ఇంకో తమాషా: ఆఫ్రికాలో ఉన్నా ఈ చర్చి నేటికీ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి యూరప్ డయోసిస్ (ఒక బిషప్ ఏలే ప్రాంతం) కిందే ఉంది.

నన్ను నిలబెట్టేసింది సమాధుల తోట. సుల్తాను సైన్యానికి శిక్షణ ఇచ్చిన హ్యారీ మక్లీన్, లండన్ టైమ్స్ విలేఖరి వాల్టర్ హ్యారిస్ ఇక్కడే ఉన్నారు. డీన్ అనే బార్ యజమాని రాయి మీద ఆ పేరు తప్ప వివరాలేం లేవు: 1963 ఫిబ్రవరిలో పోయాడనీ, అందరికీ లోటేననీ రెండు ముక్కలు. కాస్త అవతల రెండో ప్రపంచయుద్ధం నాటి వైమానికుల రాళ్ళు, ఒకే విమానంలో కూలినవాళ్ళవి, భుజం భుజం ఆనించినట్టు వరసగా పాతి ఉన్నాయి. మిగతా రాళ్ళ మధ్య ఎడం ఉంది, వీటి మధ్య లేదు.

టికెట్ లేదు. తలుపు తీసి చూపించినాయనకి 20 దిర్హమ్‌లు ఇచ్చాం. మధ్యాహ్నం హెర్క్యులిస్ గుహలకి వెళ్ళి పూట దండగ చేసుకున్నాం. సముద్రంవైపు బిలం ఆఫ్రికా పటంలా ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది, అంతే. ఆ టాక్సీ డబ్బులతో ఫ్రెంచి చిత్రకారుడు మటీస్ బస చేసిన విల్లా ద ఫ్రాన్స్ హోటల్లో టీ తాగాల్సింది. 1912లో ఆయన ఆ కిటికీలోంచి చూసి గీసింది ఈ చర్చినే.

శాకాహారులు భయపడక్కర్లేదు. పొద్దున్నే బిస్సారా దొరుకుతుంది: ఎండు ఫావా (ఒకరకం పెద్ద చిక్కుడు) గింజలు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. మన ముద్దపప్పుకి దగ్గర చుట్టం, పోపు ఒక్కటే తక్కువ. రెండో రోజు రెండు గిన్నెలు లాగించి, ఫెర్రీకి ముందు మళ్ళీ ఆ గోడ దగ్గరికి వెళ్ళి ఒక చీజ్ బిళ్ళ కొన్నాం. ఆవిడ ఆకులో చుట్టి ఇస్తూ, బేరమాడనందుకో ఏమో, ఒక పుదీనా కట్ట ఊరికే పెట్టింది.