అజ్ఞాతమా, అజ్ఞేయమా, తెలియరానిదా: ఏ మాట మేలు?

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసొచ్చినవాళ్లు ఘాజీ సంగతి ఎత్తకుండా ఉండరు. 1971 డిసెంబరు మొదట్లో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ రేవు బయటే మునిగింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలకే (నీళ్లలో పేలే బాంబులకే) మునిగిందని మన నేవీ మాట. లోపలే ఏదో పేలిందనో, తాను పరిచిన మైనే తగిలిందనో అవతలి మాట. దీన్ని ‘అజ్ఞేయ రహస్యం’ అంటే బరువుగానే ఉంటుంది, కానీ పొరపాటు. శకలాలు సముద్రం అడుగునే ఉన్నాయి, రేపెవరైనా తేల్చొచ్చు. అలాంటిదానికి ‘అంతుచిక్కనిది’ చాలు.

అజ్ఞాతం, అజ్ఞేయం రెండూ ‘జ్ఞా’ ధాతువు పిల్లలే. మొదటిది ఎవరికీ తెలియకుండా ఉన్నది, రెండోది తెలుసుకోవడానికే వీల్లేనిది. పాండవులు విరాటుడి కొలువులో దాక్కున్నది అజ్ఞాతవాసం. కీచకుడు చచ్చాడనగానే కౌరవులకు అనుమానం వచ్చింది కూడా. దాన్ని అజ్ఞేయవాసం అంటే నవ్విపోతారు.

అజ్ఞేయానికి అసలు చోటు తత్వశాస్త్రం. 1862లో ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ సృష్టి మూలాన్ని తెలియరానిదన్నాడు. 1869లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ పుట్టించిన ‘అగ్నాస్టిక్’ మనకు అజ్ఞేయవాది అయ్యాడు. దేవుడు లేడనేవాడు నాస్తికుడు, ఆ సంగతి తేల్చలేమనేవాడు అజ్ఞేయవాది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తుంటారు, అది వేరే గోల.

విశాఖ దగ్గరి తొట్లకొండ బౌద్ధులకైతే ఇంకో మాట ఉంది: అవ్యాకృతం. లోకం శాశ్వతమా, తథాగతుడు (అంటే బుద్ధుడే) మరణించాక ఉంటాడా అంటే బుద్ధుడు జవాబివ్వలేదు. తెలియదనీ అనలేదు, తెలియరాదనీ అనలేదు, పక్కన పెట్టాడంతే. కాబట్టి ఆ మాటను ఆ చర్చ దాటించకూడదు.

మామూలు రాతకు నా ఓటు ‘తెలియరానిది’కే. పేపర్లో ‘మంటలకు కారణం తెలియరాలేదు’ అని చదివితే రేపటి ఎడిషన్లో రావచ్చనుకుంటాం. అదే ‘తెలియరానిది’ అంటే ఇక ఎదురుచూడక్కర్లేదు. ఘాజీలో ఉన్నవాళ్లు ఆఖరి క్షణంలో ఏమనుకున్నారో తెలియరానిది. ఎన్ని శకలాలు తేలినా అది తేలదు. ఇంత తేడాను తెలుగు క్రియ ఒక్కటే మోస్తుంటే సంస్కృతం అరువెందుకు? ‘వాదం’ తగిలించాల్సిన చోట మాత్రం అజ్ఞేయమే తప్పదు, ‘తెలియరానివాదం’ నోటికి రాదు.

అగమ్యగోచరం అంటారా? దాన్ని నిరుద్యోగుల భవిష్యత్తు మీద రాసే వార్తలకే వదిలేద్దాం.