మూత్రం సీసానా, మెదడు స్కానా?

హనుమకొండ చౌరస్తాలో మా పెద్దనాన్న రెండు కాగితాలు చూపించారు. చెయ్యి వణుకుతోందంటే తెలిసినవారొకరు మూత్రంలో డోపమిన్, సెరటోనిన్ అనే, నాడీకణాలు కబుర్లు పంపుకునే రసాయనాలను కొలిపించమన్నారట. నరాల డాక్టరు మాత్రం ఎఫ్-డోపా పెట్ అనే మెదడు స్కాన్ రాశారు.

మొదటిది సులువు, సీసా నింపి ఇస్తే చాలు. కానీ ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను డోపమిన్ దాటలేదు. మెదడు సంగతి ఆ సీసాకేం తెలుసు?

స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే పదార్థం మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపాకు చుట్టం, కాబట్టి గోడ దాటుతుంది. డోపమిన్ తయారుచేసే నాడీకణాలు దాన్ని తీసుకుంటాయి. ఆ కణాలు క్షీణించే పార్కిన్సన్స్ జబ్బయితే మెదడు లోతుల్లోని స్ట్రయాటంలో, ముఖ్యంగా దాని వెనుక భాగంలో, స్కాన్‌లో కనిపించే వెలుగు తగ్గుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకైతే తగ్గదు. అయితే ఇదీ డోపమిన్‌ను తూచి చెప్పదు, దాన్ని తయారుచేసే సత్తాను చూపుతుంది, అంతే. ఎక్కించే పదార్థంలోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాల్లో సగమైపోతుంది, కాబట్టి చెప్పిన వేళకు హాజరవ్వాలి. మాకు హైదరాబాద్ దాకా 150 కిలోమీటర్ల దారి, ఖర్చూ తక్కువ కాదు.

డాక్టరు నడిపించి, చేతులు పరీక్షించి తేల్చగలిగిన చోట ఆ స్కానూ అక్కరలేదు. ఆయనకు అనుమానం మిగిలింది కనుకనే రాశారు. స్కాన్ రోజు పొద్దున టీ మానాలా అన్నదే ఇప్పుడు పెద్దనాన్న బెంగ.