ఫ్లట్టర్‌తో ఐదేళ్లు: ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ కాట్లిన్ తప్పలేదు

పాల సేకరణ కేంద్రాల కోసం 2020లో ఫ్లట్టర్‌లో (ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఒకే కోడ్‌తో యాప్ రాసే గూగుల్ సాధనం) ఒక యాప్ రాశాను. పొద్దున ఐదున్నరకే రైతులు క్యాన్లతో వరసలో ఉంటారు. లీటర్లు, వెన్న శాతం కొట్టగానే డబ్బు లెక్కగట్టి చీటీ చేతికివ్వాలి. పది సెకన్లు ఆలస్యమైనా వెనక గొడవ మొదలవుతుంది.

రాసేది నేనొక్కణ్ణే. కేంద్రాల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు, యజమాని దగ్గర ఐఫోన్. స్క్రీన్లన్నీ, ఫ్లట్టర్ వాడే డార్ట్ భాషలో రాసిన ఒకే కోడ్‌తో రెండింటిలోనూ నడిచాయి. హాట్ రీలోడ్ అలవాటైతే వదలబుద్ధి కాదు. ఫారంలో నింపిన అంకెలు అలాగే ఉండగా, కోడ్ మార్చి సేవ్ కొడితే మార్పు వెంటనే కనిపిస్తుంది.

ఏడిపించింది ప్రింటర్. మేం కొన్న చిన్న బ్లూటూత్ ప్రింటర్లో తెలుగు అక్షరాలే లేవు. ‘లక్ష్మి’ అని పంపితే ప్రశ్నార్థకాలు వచ్చేవి. అందుకని చీటీ మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాను. గీయడంలో ఫ్లట్టర్ చక్కగా పనిచేసింది. ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ కుదిరాయి. పంపడానికి వాడిన ప్లగిన్ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ముక్క) మాత్రం, 2021లో డార్ట్‌కు నల్ సేఫ్టీ (ఖాళీ విలువల వల్ల వచ్చే తప్పులను ముందే పట్టే ఏర్పాటు) వచ్చాక ఆగిపోయింది. రాసినవాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేశారు. వారం రోజులు టెన్షన్ పడి, ఆ భాగాన్ని ఆండ్రాయిడ్ యాప్‌లకు వాడే కాట్లిన్ భాషలో నేనే రాసి, డార్ట్‌కూ కాట్లిన్‌కూ మధ్య వంతెనలాంటి మెథడ్ చానెల్‌తో కలిపాను. తర్వాత ఆండ్రాయిడ్ 12 కోసం బ్లూటూత్ పర్మిషన్ విడిగా అడగాల్సి వచ్చినప్పుడు, ఎవరి అప్‌డేట్ కోసమూ ఎదురుచూడకుండా ఒక్క పూటలో సరిచేసుకున్నాను.

ఐఫోన్లో జాబితాను మొదటిసారి జరిపేటప్పుడు పట్టిపట్టి కదిలేది. 2023లో ఫ్లట్టర్ 3.10తో, తెరమీద బొమ్మ గీసే కొత్త ఇంజిన్ ఇంపెల్లర్ ఐఫోన్లో డిఫాల్ట్ అయ్యాక మా యాప్‌లో ఆ ఇబ్బంది పోయింది. ఒకే కోడ్ కదా, మ్యాక్ అక్కర్లేదనుకుంటారు కొందరు. ఐఫోన్ బిల్డ్‌కు ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లోనే నడుస్తుంది.

పాల వ్యాన్ ఎక్కడుందో చూపించే రెండో యాప్‌ను కూడా ముందు ఫ్లట్టర్‌లోనే మొదలుపెట్టాను. స్క్రీన్ ఆపి జేబులో పెట్టుకున్న కాసేపటికే ఫోను యాప్‌ను చంపేసేది. మూడు ప్లగిన్లు మార్చాను. చివరికి మొత్తం కాట్లిన్‌లో, ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌తో (నోటిఫికేషన్ చూపిస్తూ యాప్ నడుస్తూనే ఉండేలా చేసే ఆండ్రాయిడ్ ఏర్పాటు) మళ్లీ రాశాను. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సెట్టింగ్ ఇప్పటికీ చేత్తో మార్చాల్సిందే. ఆ తిప్పలు కాట్లిన్‌లోనూ తప్పలేదు. కానీ యాప్ ఎందుకు ఆగిందో లాగ్‌లో నేరుగా కనిపిస్తుంది, మధ్యలో ఇంకొకరి కోడ్ ఉండదు. కాట్లిన్‌లో స్క్రీన్లు రాసే జెట్‌ప్యాక్ కంపోజ్ అనే సాధనం వచ్చాక స్క్రీన్లు రాయడమూ మునుపటంత చాకిరీ కాదు.

కాబట్టి ఫారాలు, జాబితాలు, లెక్కలు ఉండే పనికి నా ఓటు ఇప్పటికీ ఫ్లట్టర్‌కే. పగలంతా వెనకాల నడవాల్సిన యాప్ అయితే మొదటి రోజు నుంచే నేటివ్, అంటే ఆ ఫోను సొంత భాషలోనే. వ్యాన్ యాప్ ఐఫోన్‌కూ కావాలని యజమాని అడిగారు. డ్రైవర్లందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి వద్దని చెప్పాను.