వార్డులో తోడుండేవాళ్లకు స్టెరిలియం అరలీటరు సీసా: 5కి 4 స్టార్లు

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గరి మందుల షాపుల్లో రోగి బంధువులు గ్లవ్స్, మాస్కులు సంచి నిండా కొంటారు. వాటికంటే ముందు కొనాల్సింది ఈ సీసా, అంటే చేతులకి రాసుకునే ఆల్కహాల్ సానిటైజర్.

రెండు రకాల ప్రొపనాల్ అనే ఆల్కహాల్, కొద్దిగా మెసెట్రోనియం అనే క్రిమిసంహారిణి ఇందులో ఉంటాయి. అసలు పని ఆల్కహాల్‌దే. కల్చర్ రిపోర్టులో (రోగి నమూనాలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష) మెరోపెనమ్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ‘ఆర్’ అని ఉంటే ఆ క్రిమి ఆ మందుకి లొంగదని అర్థం. ఎన్‌డీఎం అనే ఎంజైము ఉన్న క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా మెరోపెనమ్‌ని ముక్కలు చేసేస్తుంది. ఆల్కహాల్ దగ్గర ఆ పప్పులుడకవు. అది క్రిమి పైపొరను, ప్రొటీన్లను నేరుగా చెడగొడుతుంది.

కొలత తప్పితే మాత్రం అంతా వృథా. ఒకసారికి 3 మిల్లీలీటర్లు, 30 సెకన్లు. పంపు ఒక్క నొక్కుకి చాలాసార్లు అంత రాదు, సిరప్ కొలత మూతలోకి నొక్కి చూసుకోండి. అరచేతులు, చేతి వెనుక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు. చాలామంది వదిలేసేవి చివరి రెండే. కాన్యులాని (నరానికి పెట్టే సన్న గొట్టం), యూరిన్ గొట్టాన్ని పట్టుకునేవీ అవే! ఉంగరాలు, చేతి తాళ్లు తీసేయాలి. 30 సెకన్లలోపే ఆరిపోయిందంటే తక్కువ పోసుకున్నట్టు.

విశాఖ ఉక్కపోతకి చేతులెప్పుడూ చెమటతో ఉంటాయి. ఆ తడికి ఆల్కహాల్ పలచబడుతుంది. ముందు తుడుచుకుని, చెయ్యి ఆరాకే రాసుకోండి. రాసుకున్నాక టవలుకీ కొంగుకీ తుడవొద్దు, దానంతటదే ఆరాలి.

తోడు ఇద్దరుండి, చెరో 20 సార్లు వాడితే రోజుకి 120 మిల్లీలీటర్లు. అంటే సీసా నాలుగు రోజులకి అయిపోవాలి. నెలంతా వచ్చిందంటే అది పొదుపు కాదు, చేతులు శుభ్రం కావట్లేదనే.

సీ డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా వల్ల విరేచనాలైతే ఇది పనికిరాదు, దాని స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపం) ఆల్కహాల్‌కి చావవు. అప్పుడు సబ్బు, కుళాయి నీళ్లు, 40 నుంచి 60 సెకన్లు. చేతికి రక్తమో మలమో అంటినా అంతే. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా పొడిగా ఉన్న మంచం కమ్మీ మీద కూడా వారాల తరబడి బతుకుతుంది కాబట్టి, కమ్మీయో ఫోనో ముట్టుకుంటే రోగిని తాకేముందు మళ్లీ రాసుకోవాలి. సీసాని నిప్పుకి, ఎండకి దూరంగా పెట్టండి. ఖాళీ అయ్యాక అందులో వేరే సానిటైజర్ నింపొద్దు.

ఒక స్టార్ తగ్గించింది తిప్పే మూత సీసాకి. మురికి చేత్తోనే ఆ మూత పట్టుకోవాలి. పంపు ఉన్నదే అడిగి తీసుకోండి.